అల వస్తోందని చెప్పేవాళ్లు

అల ఒకసారికి ఒక్కరిదే. అది విరగడం మొదలయ్యే చోటికి ఎవరు దగ్గరగా ఉండి బల్ల మీద లేచి నిలబడితే వాళ్లది. మిగిలినవాళ్లు దారి వదలాలి. కాలిఫోర్నియాలోనైనా హవాయీలోనైనా, బల్ల మీద నిలబడి అలపై జారే సర్ఫర్లు పాటించే మొదటి మర్యాద ఇదే. నీళ్లలో పదిమందే ఉన్న పొద్దున తలా కాసిని అలలు దొరుకుతాయి. అదే చోట వందమంది చేరితే గంటసేపు కాచుక్కూర్చున్నా ఒకటి చిక్కడం కష్టం. అలాంటప్పుడు “ఇవాళ ఇక్కడ బాగుంది” అని ముక్కూ మొహం తెలియనివాళ్లకు కబురు పెట్టడమంటే తన వాటాలోంచి తీసి ఇవ్వడమే. అయినా పెడుతూనే ఉన్నారు. పంచితే తరిగిపోయేదాన్ని మనుషులు ఎందుకు పంచుకుంటారు, ఎంతవరకు పంచుకోవాలి అన్న ఆలోచన నన్ను వదలదు. సముద్రం లేని హైదరాబాద్‌లో కూర్చుని ఆ కబుర్లు చదువుతున్నది అందుకే.

అసలు మొదటి కబురు సముద్రమే మోసుకొస్తుంది. తుపాను గాలి లేపిన అలలు ఆ తుపానుతోనే అణగిపోవు. గాలి దాటి బయటికొచ్చాక వరసలు కట్టి వేల కిలోమీటర్లు సాగుతాయి. వీటినే స్వెల్ అంటారు. 1963లో వాల్టర్ మంక్ అనే సముద్ర శాస్త్రవేత్త న్యూజిలాండ్ నుంచి సమోవా, హవాయీల మీదుగా అలాస్కా దాకా కొలిచే పరికరాలు పెట్టించి, అంటార్కిటికా వైపు తుపానుల్లో పుట్టిన అలలను పసిఫిక్ పొడవునా వెంబడించాడు. పదివేల కిలోమీటర్లు దాటినా వాటి జాడ తెలిసింది. అంతకు ఇరవై ఏళ్ల ముందు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, తన గురువు హరాల్డ్ స్వెర్‌డ్రుప్‌తో కలిసి ఆయన ఒక లెక్క తయారుచేశాడు. సైనికుల పడవలు ఒడ్డెక్కే రోజున అలలు ఎంత లేస్తాయో ముందే చెప్పే లెక్క అది. 1944లో నార్మండీ తీరంలో దిగడానికి దాన్నే వాడారు. ప్రాణాల కోసం పుట్టిన విద్య ఇవాళ ఒక ఆనందం కోసం పనికొస్తోంది. ఇంతకన్నా మంచి మార్పు ఏ విద్యకైనా ఏం కావాలి?

అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లు అన్న ఒక్క అంకెలో చాలా కథ ఉంటుంది. లోతైన నీటిలో 20 సెకన్ల ఎడంతో వచ్చే స్వెల్ గంటకు సుమారు 56 కిలోమీటర్లు కదులుతుంది, 10 సెకన్లది అందులో సగమే. అందుకే దూరపు తుపాను నుంచి ఎడం ఎక్కువున్న అలలు ముందు చేరతాయి, ఎడం తక్కువవి రోజుల తర్వాత వస్తాయి. హవాయీలోని కవాయీ ద్వీపానికి వాయవ్యంగా నడిసముద్రంలో అమెరికా ప్రభుత్వం తేలేసిన, అలలను కొలిచే బోయ్ ఒకటుంది. దాని అంకెలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అక్కడ ఎత్తూ ఎడమూ ఒక్కసారిగా పెరిగాయంటే కొన్ని గంటల్లో ఓవాహు ద్వీపపు ఉత్తర తీరం మేలుకుంటుందని అక్కడి సర్ఫర్లకు తెలుసు. రాత్రంతా ఆ అంకెలు చూస్తూ నిద్రపోని వాళ్లుంటారు.

కానీ బోయ్‌కి తెలియనివి ఉన్నాయి. నిన్నటి దాకా ఉన్న ఇసుక మేట ఇవాళ జరిగిపోయిందేమో. నీరు పోటు మీద ఉందా, తీస్తోందా? గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తూ అలను నునుపుగా నిలబెడుతోందా, ఎదురుగా కొట్టి చెదరగొడుతోందా? ఇవి చెప్పాలంటే అక్కడ ఒక మనిషి నిలబడి ఉండాలి. మంచి కబురు రాసేవాళ్లు ముందు వేళ రాస్తారు. ఆరున్నరకు నిజమైనది తొమ్మిదికి నిజం కాకపోవచ్చు కాబట్టి. ఆ తర్వాత గాలి, నీటి మట్టం, ఎంతమంది ఉన్నారన్న సంగతి. తను ఎంత గొప్పగా అల ఎక్కిందీ అందులో ఉండదు. తను చూసినదాన్ని, చూసిన వేళతో సహా, ఇంకొకరికి పనికొచ్చేలా చెప్పడం చిన్న విషయంగా కనిపిస్తుంది. మన చుట్టూ నడిచే మాటల్లో ఎన్ని ఈ పరీక్షకు నిలుస్తాయో ఆలోచిస్తే అదెంత అరుదైనదో తెలుస్తుంది.

హవాయీ వాళ్లకు ఇంకో అలవాటుంది. అల ముందు వైపు నలభై అడుగులు లేస్తే వాళ్లు ఇరవై అంటారు. బయటివాళ్లకు ఇది తికమకగా ఉంటుంది. కొలతగా దాన్ని నేను సమర్థించలేను, కొత్తవాళ్లు దానివల్ల ప్రమాదంలో పడే వీలుంది. కానీ ఆ తగ్గింపు వెనక ఉన్న మనసు నాకిష్టం. పెద్దదాన్ని పెద్దదని చెప్పాల్సింది చూసినవాడు కాదనీ, వచ్చి చూసేవాళ్లకు ఎలాగూ తెలుస్తుందనీ ఒక నమ్మకం అందులో ఉంది.

చెప్పడం మీద కోపం కూడా పాతదే. 1985లో దక్షిణ కాలిఫోర్నియాలో సర్ఫ్‌లైన్ అనే ఫోన్ సేవ మొదలైంది. డబ్బు కట్టి ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఆ పూట అలలెలా ఉన్నాయో వినిపించేవారు. దాని వెనక షాన్ కాలిన్స్ ఉన్నాడు. దక్షిణార్ధగోళపు వాతావరణ పటాలు ముందేసుకుని, తనంతట తానే ఈ విద్య నేర్చుకున్న మనిషి. 2011లో, 59 ఏళ్లకే పోయాడు. ఆ సేవ రాకముందు సర్ఫర్లు ఏళ్లు పెట్టి, చలిలో పొద్దున్నే ఒడ్డుకెళ్లి చూసి చూసి సంపాదించుకున్న ఎరుకను ఆ నంబరు అందరికీ ఇచ్చేసింది. 1996లో హంటింగ్టన్ బీచ్‌లో కెమెరా పెట్టాక ఇంటి నుంచే అలను చూడగలిగారు. జనం పెరిగారు. పాతవాళ్లకు ఒళ్లు మండింది. వాళ్ల బాధను స్వార్థమని కొట్టిపారేయడం నాకు చేతకాదు. కష్టపడి తెలుసుకున్నది చేతికి తేరగా వస్తే దాంతోపాటు రావలసిన ఓర్పు, మర్యాద రావు. గుంపులో ఆ లోటు కనిపిస్తుంది.

2008 ప్రాంతంలో ఉపగ్రహ చిత్రాలు వెతికి ఒకాయన నమీబియా ఎడారి తీరంలో అసాధారణమైన అల ఒకటి కనిపెట్టాడు. కిలోమీటరు దాటి సాగే అల. దానికి స్కెలిటన్ బే అని పేరు స్థిరపడింది. ఇప్పుడు అక్కడికి పెద్ద స్వెల్ వస్తోందని తెలిస్తే ఖండాలు దాటి విమానాల్లో జనం దిగుతారు. అందుకే సర్ఫర్లలో రాతపూర్వకం కాని కట్టుబాటు ఒకటి ఏర్పడింది. అందరికీ తెలిసిన తీరం గురించి ఎంతైనా చెప్పు, ఎవరో చేయిపట్టి చూపించిన చోటి పేరు మాత్రం రాయకు. నాకిది న్యాయంగా తోస్తుంది. పరిస్థితి అందరిదీ, అది దాచడం పిసినారితనం. ఒక చోటు గుట్టు నమ్మి చెప్పినవాడిది, దాన్ని పంచే హక్కు విన్నవాడికి లేదు. స్నేహాల్లోనూ కుటుంబాల్లోనూ మనం తేల్చుకోలేక సతమతమయ్యేది ఈ తేడా దగ్గరే.

హైదరాబాద్‌కు ఈ కథలో నిజంగానే చోటుంది. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ప్రగతినగర్‌లో ఉంది. దేశపు తీరాలన్నిటికీ అలల సూచనలు వెళ్లేది ఇక్కడి నుంచే. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో పుట్టిన స్వెల్, గాలి లేని ఎండ పూట, కంటికి ఏ ఆనవాలూ కనిపించకుండా కేరళ ఒడ్డున ఇళ్లలోకి నీళ్లు తోస్తుంది. మత్స్యకారులు దాన్ని కళ్లక్కడల్ అంటారు. అదే జాతి అల కోసం కాలిఫోర్నియాలో ఒకడు సెలవు పెడతాడు, ఇక్కడ ఒకడు పడవను పైకి లాక్కుంటాడు. వేటకెళ్లేవాడికి కబురు పంచితే తరిగేది ఏమీ లేదు, అందరికీ అందితేనే దాని విలువ. ఆ తీరంలో “చెప్పాలా వద్దా” అన్న ప్రశ్నే లేదు. చెప్పడం ఆలస్యమైతే మనిషి పోతాడు. ఈ రెండు తీరాలనూ పక్కపక్కన పెట్టి చూశాక, కబురు దాచుకోవాలనిపించినప్పుడల్లా అవతలివాడు ఆటకొస్తున్నాడా, అవసరానికా అని ముందు అడుగుతున్నాను.

ఇంత చెప్పినా, నన్ను ఎక్కువగా ఆకట్టుకునే కబురు మంచి అలలది కాదు. “ఏడింటికి చూశాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. మోకాలెత్తు కూడా లేదు. రావొద్దు.” ఇలా రాసేవాళ్లున్నారు. దానికి ఎవరూ మెచ్చుకోరు, ఫొటో కూడా ఉండదు. రాసినవాడు బల్ల కారు మీద కట్టుకుని పొద్దు మొలవకముందే బయలుదేరి వచ్చినవాడు, ఒట్టి చేతులతో ఇంటికి పోతున్నవాడు. పోయే ముందు కారు దగ్గర నిలబడి ఆ నాలుగు ముక్కలు టైపు చేశాడు. రెండు గంటల దూరంలో ఎవరో అది చదివి తాళాలు మళ్లీ గోడకు తగిలించి, పిల్లల్ని బడికి తనే దింపుతానని ఇంట్లో చెప్పి ఉంటారు.