తెలియదు అన్న గడి

న్యూజెర్సీలో మా ఇల్లు 1952లో కట్టింది. అమ్మకానికి పెట్టినప్పుడు ఏజెంట్, తెలుగాయనే, కాగితాల దొంతర తెచ్చాడు. అందులో ఒకటి సీసం పెయింట్ గురించి. అమెరికాలో ఇళ్లకి ఆ పెయింట్ వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇల్లు అమ్మేవాళ్లు, సీసం గురించి తమకు తెలిసిందేదైనా కొనేవాళ్లకి చెప్పి తీరాలంటుంది 1992 నాటి చట్టం. కొనేవాళ్లు పరీక్ష చేయించుకోడానికి 10 రోజులు గడువివ్వాలి. అమ్మేవాడు మాత్రం పరీక్ష చేయించక్కర్లేదు.

"తెలియదు అన్న గడిలో టిక్ పెట్టెయ్యండన్నా. టెస్టులూ అవీ పెట్టుకోకండి. తెలిసిందంటే చెప్పాలి," అన్నాడు.

సలహా చట్టబద్ధమే. నన్ను పట్టుకున్నదీ అదే. అబద్ధమాడమని ఎవరూ అనట్లేదు. ధర్మరాజు ఏనుగు మాట దగ్గర గొంతు తగ్గించాడంటే, చచ్చిందెవరో ఆయనకి తెలుసు. మనం అసలు అటువైపు చూడకుండా ఉంటే చాలు, గొంతు తగ్గించే పని కూడా ఉండదు.

ఇంతకీ నాకు నిజంగా తెలియదా? మా అమ్మాయికి ఏడాది నిండినప్పుడు, ఇక్కడ పిల్లలందరికీ చేయించే పరీక్షలోనే, రక్తంలో సీసం కాస్త ఎక్కువొచ్చింది. డాక్టరమ్మ కిటికీల మీద అనుమానపడింది. పాతకాలపు కిటికీని పైకీ కిందకీ లాగినప్పుడల్లా పెయింట్ ఒరుసుకుని పొడి రాలుతుంది. పాకే పిల్ల చేతులు తిన్నగా నోట్లోకే పోతాయి. రోజూ తడిగుడ్డతో తుడిచాం. అంకె దిగింది. దిగాక ఇంటికి పరీక్ష చేయించలేదు. బద్ధకం అనే చాలాకాలం అనుకున్నాను. ఎప్పటికైనా అమ్మాలి కదా అన్న లెక్క అప్పుడే లోపలెక్కడో ఉందేమో.

ఫారం పెయింట్ గురించి అడుగుతుంది, పిల్ల రక్తం గురించి కాదు. లాయరు దగ్గరికెళ్తే ఈ సందులోంచి బయటపడేసేవాడేమో. కానీ తెలుగులో 'తెలియదు' వేరు, 'తెలుసుకోలేదు' వేరు. ఆ కాగితం మీద రెండోదానికి గడి లేదు.

ఇల్లు చూడ్డానికొచ్చిన జంటలో ఆవిడకి ఏడో నెల. మా అమ్మాయి గదిలో కిటికీ గట్టు మీద చెయ్యేసి, పాప మంచం ఇక్కడ వేద్దాం అంది భర్తతో. మా ఆవిడ నావైపు చూళ్లేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్‌ని పిలిచాను. తుపాకీ లాంటి చిన్న మిషన్ తెచ్చి ఒక్కో కిటికీకీ ఆనించాడు. ఆ గదిలో రెండు కిటికీలకీ సీసం ఉంది. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు.

"అయితే ఇప్పుడు మీకు తెలుసన్నమాట," అన్నాడు చివరికి.

రేటు తగ్గింది. ఎంతో ఇక్కడ రాయను. రాస్తే త్యాగంలా కనపడుతుంది, ఆ డబ్బు పోయిందని నాకింకా కడుపుమంటగానే ఉంది.