మోకాలికి లేని తొందర



కబడ్డీలో కూతకు వెళ్ళిన కుర్రవాడు గిరుక్కున తిరగబోయి, మోకాలిలో ఏదో తెగిన శబ్దం విని కూలబడిపోతాడు. చాలాసార్లు తెగేది మోకాలి లోపలి ముందు లిగమెంటు. తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి పట్టివుంచే ఈ తాడు వేలెడు పొడవు కూడా ఉండదు. తెగితే సామాన్యంగా తనంతట తాను అతుక్కోదు.

డాక్టర్లు ఎక్కువగా ఆ మనిషి తొడ వెనుక నుండే ఒక నరంలాంటి స్నాయువును తీసి, రెండు ఎముకలకూ రంధ్రాలు చేసి బిగిస్తారు. కొత్త చోట దానికి రక్తం అందాలి, ఎముకతో కలిసిపోవాలి. మొదటి నెలల్లో అది గట్టిపడకపోగా కొంత బలహీనపడుతుంది కూడా. అందుకే ఆటకు తొమ్మిది నెలలైనా ఆగమంటారు. పాలిస్టర్ దారాలతో అల్లిన కృత్రిమ లిగమెంటుకు ఈ నిరీక్షణ లేదు, మొదటి రోజునే బిగువుగా ఉంటుంది. దాని ఆకర్షణ అంతా అక్కడే ఉంది.

దేవుడిచ్చిన శరీరంలో ప్లాస్టిక్ పెట్టించుకోవచ్చునా అని అడిగేవారున్నారు. నిస్సందేహంగా పెట్టించుకోవచ్చు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి కంటిలో కృత్రిమ లెన్సు అమర్చాడు. నేడు మన విచారణల్లో ఎందరో అవ్వలు ఆ లెన్సుతోనే జపమాల పూసలు చూసుకుంటున్నారు. 1952 సెప్టెంబరులో 12వ భక్తినాథ పాపుగారు వైద్యులతో మాట్లాడుతూ, శరీరంలోని భాగం మొత్తం శరీరం మేలు కోసమే ఉన్నదనే సూత్రాన్ని వివరించారు. సెమినరీలో మేము దీన్ని లాటిన్‌లో వల్లించాం. కాని “మొత్తం” అంటే ఎంత? ఇరవయ్యేళ్ళ కుర్రవాడి మొత్తంలో, యాభయ్యేళ్ళకు అతడు దిగవలసిన బావి మెట్లు కూడా ఉన్నాయి గదా!

కంటిలోని లెన్సు కదలకుండా కూర్చుంటుంది. మోకాలిలోని తాడు అడుగడుగునా లాగబడుతుంది. సముద్రపు ఒడ్డున ఉన్నవారికి ఇది చెప్పనక్కరలేదు. నైలాన్ తాడు కుళ్ళదు, కాని పడవ అంచుకు ఒరుసుకున్నచోట పోగులు లేస్తుంది. లేచిన పోగు తిరిగి అతుక్కోదు. ప్రాణమున్న స్నాయువు అరిగినా కొంత తనను తాను బాగుచేసుకుంటుంది.

అనుభవం కూడా అదే చెప్పింది. మొదట్లో కార్బన్ పోగులు వాడితే వాటి నలుసులు కీలులో మిగిలాయి. గోర్-టెక్స్ లిగమెంటును అమెరికాలో 1986లో అనుమతించారు. అదీ అంతకుముందు ఆపరేషన్ విఫలమైనవారికి. తెగడాలు, మోకాలిలో నీరు చేరడాలు ఎక్కువై 1993లో మార్కెట్ నుండి తీసేశారు. తరువాత ఫ్రాన్సునుండి లార్స్ అనే మెరుగైన రకం వచ్చింది. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆటగాడు నిక్ మాల్సెస్కీ 2008లో దాన్ని వేయించుకుని ఆ సీజనులోనే మైదానంలోకి దిగాడు. 2012 ఫైనల్లో తన జట్టు గెలుపును ఖాయం చేసిన గోలు కూడా కొట్టాడు. ఒకేసారి అనేక లిగమెంట్లు తెగినవారికి ఇటువంటివి అక్కరకు వస్తాయి. కాబట్టి ఆ వస్తువును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

తొందర ఎవరిది అన్నదే నా ప్రశ్న. మోకాలికైతే లేదు. టోర్నమెంటు పెట్టినవారికి ఉంటుంది, స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ఎదురుచూసే తండ్రికి ఉంటుంది. వీరి తొందరకు ఆ కుర్రవాడి కాలు హామీ కాకూడదు. పది సంవత్సరాల తరువాత ఏమి కావచ్చునో డాక్టరు తెలుగులో, అర్థమయ్యేటట్టు చెప్పాలి. కుర్రవాడు వినాలి. తండ్రి సంతకం ఆ వినడానికి బదులు కాదు.

మరొక తొందర ఉంది, దాన్ని నేను తప్పుపట్టలేను. గుజరాత్‌లోని వేరావల్ రేవుకు పడవ పనికి వెళ్ళే మన మత్స్యకారుడు, నెల్లిమర్ల జూటుమిల్లులో బస్తాలు మోసే కార్మికుడు జారిపడి మోకాలు పోగొట్టుకుంటే, తొమ్మిది నెలలు ఆగమని చెప్పడం మనకు తేలిక. ఆగడం అతడికి పస్తు. అటువంటివాడు త్వరగా నిలబెట్టే తాడు అడిగితే, అతడికి ఓర్పు గురించి ప్రసంగించే ముందు ఆ తొమ్మిది నెలలకు ఇంటికి ఎన్ని బస్తాల బియ్యం కావాలో, పిల్లల ఫీజు ఎంతో లెక్కవేయాలి. విన్సెంట్ డి పాల్ సంఘం ఉన్న విచారణల్లో ఈ లెక్క కష్టం కాదు. కబడ్డీ కుర్రవాడి విషయంలోనైతే ఆ కాగితాన్ని ముందుగా టోర్నమెంటు కమిటీవారికి చూపించండి, కప్పు కొనకముందే.