జాతకాల పక్కన ఒక నంబరు

షాద్‌నగర్‌లో పెళ్లి సంబంధం మాట్లాడే పద్ధతి పాలమూరు పట్నాలన్నిటిలో ఉన్నదే. ముందు కులం, ఆ తర్వాత గోత్రం, ఆపైన వరుస. మేనమామ కొడుకో, మేనత్త కూతురో ఉంటే బయట వెతికే పనే లేదనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మాటలు కుదిరాక జాతకాలు అయ్యగారి చేతికి పోతాయి. ఆయన నక్షత్రం, పాదం చూసి, 36 గుణాల్లో ఎన్ని కలిశాయో లెక్కగట్టి, నాడీ దోషం ఉందో లేదో చెబుతాడు. అదే ఊరి శివారులో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం యాంటెన్నాలు దశాబ్దాలుగా ఉపగ్రహాలు పంపే భూమి చిత్రాలను అందుకుంటున్నాయి. ఆచారమూ విజ్ఞానమూ ఒకే ఊళ్లో ఉన్నాయి గానీ, ఒకదాని గడప ఇంకొకటి తొక్కదు.

ఆ రెండూ కూర్చుని మాట్లాడుకోక తప్పని విషయం ఒకటుంది. అది పుట్టబోయే బిడ్డ ఆరోగ్యం. ఈ సంగతిలో చూసి నేర్చుకోదగ్గ పని చేసినవాళ్లు పాలమూరుకు ఎంతో దూరాన, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో బతికే సనాతన యూదులు. మత నియమాన్ని వెంట్రుకవాసి కూడా వదులుకోని సమాజం వాళ్లది. జన్యుశాస్త్రాన్ని పెళ్లి మాటల్లోకి తీసుకొచ్చిందీ వాళ్లే.

యూదు మతం, విజ్ఞానం అనగానే చర్చ మామూలుగా సృష్టి మీదికి మళ్లుతుంది. యూదుల పంచాంగంలో 2025 సెప్టెంబరులో మొదలైంది 5786వ సంవత్సరం. ఆ లెక్క సృష్టి నుంచి. భౌతికశాస్త్రమేమో విశ్వం వయసు దాదాపు 1,380 కోట్ల ఏళ్లంటుంది. ఈ రెంటినీ కలపడానికి పండితులు చాలా శ్రమపడ్డారు. 12వ శతాబ్దంలో ఈజిప్టులో వైద్యం చేస్తూ ధర్మశాస్త్రం రాసిన మైమోనిడీస్, విశ్వం అనాది అని ఎవరైనా నిరూపిస్తే యూదుల ధర్మగ్రంథం తోరా వాక్యాలకు మరో అర్థం చెప్పుకోవడం కష్టం కాదన్నాడు. యూదు ధర్మచర్చల సంకలనమైన తాల్ముద్ పండితుల ఖగోళ పరిజ్ఞానం వాళ్ల కాలానికి తెలిసినంతేననీ, ప్రవక్తల నుంచి వచ్చింది కాదనీ రాశాడు. తాల్ముద్‌లోనే ఇంకా పాత ఉదాహరణ ఉంది. రాత్రిపూట సూర్యుడు ఎక్కడికి పోతాడన్న వాదనలో యూదు పండితులు ఒక మాట, అన్యదేశ పండితులు ఇంకో మాట చెప్పారు. సూర్యుడు భూమి కిందుగా పోతాడన్న అన్యుల మాటే సరిగ్గా ఉన్నట్టుందని యూదు పండితుల్లో పెద్దవాడైన యూదా హనాసీ ఒప్పుకున్నాడు. రాత్రివేళ ఊటనీళ్లు వెచ్చగా ఉండటమే ఆయన చూపిన ఆధారం. ఆ ఆధారం నిలిచేది కాదు. కానీ తమవాళ్ల మాటకన్నా కళ్లెదుటి ఆనవాలుకు విలువిచ్చిన ఆ గుణం నిలిచింది.

ఇవన్నీ గొప్ప వాదాలే. అయినా ఒక సంప్రదాయం విజ్ఞానాన్ని ఎంత లోపలికి రానిచ్చిందో తెలుసుకోవాలంటే సృష్టి గురించి దాని పండితులు ఏమన్నారో చూస్తే చాలదు. పెళ్లిళ్లు ఎలా చేస్తుందో, పురిటి బిడ్డను ఎలా కాపాడుకుంటుందో చూడాలి.

మగబిడ్డకు ఎనిమిదో రోజున సున్తీ చేయడం యూదులకు అబ్రాహాము నాటి ఆజ్ఞ. అంతకన్నా పెద్ద ఆజ్ఞలు ఆ మతంలో కొన్నే ఉంటాయి. అయితే తాల్ముద్‌లో యెవామోత్ అనే భాగం ఒక మినహాయింపు చెబుతుంది. ఒక తల్లి కొడుకులు ఇద్దరు సున్తీ వల్ల చనిపోతే మూడోవాడికి చేయకూడదని యూదా హనాసీ తీర్పు. ఆయన తండ్రి సిమియోను బెన్ గమ్లియేల్ మాత్రం మూడు మరణాల దాకా ఆగాలన్నాడు. అక్కడే ఒక సంఘటన కూడా ఉంది. సెప్ఫోరిస్ అనే ఊళ్లో నలుగురు అక్కచెల్లెళ్లు. ముగ్గురి కొడుకులూ సున్తీ తర్వాత పోయారు. నాలుగో ఆమె బిడ్డతో వచ్చి అడిగితే వద్దని చెప్పి పంపాడు బెన్ గమ్లియేల్.

చనిపోయింది ఆమె బిడ్డలు కారు, అక్కల బిడ్డలు. జబ్బు ఆడవాళ్ల వైపు నుంచి వస్తోందని ఆ తీర్పు ఇచ్చినాయన గ్రహించాడన్నమాట. నేడు హీమోఫీలియా అని పిలిచే ఈ రక్తం గడ్డకట్టని జబ్బు తల్లి ద్వారానే కొడుకులకు వస్తుంది. అమెరికా వైద్యుడు జాన్ ఆటో దీన్ని కుటుంబాల్లో పారే జబ్బుగా వర్ణించింది 1803లో. 2వ శతాబ్దపు రబ్బీలకు, అంటే యూదు మతగురువులకు, జన్యువు అన్న ఊహే లేదు. అయినా చూసినదాన్ని నమ్మారు, ఆ బిడ్డ విషయంలో ఆజ్ఞను ఆపారు. ప్రాణం కోసం సబ్బాతును, అంటే పని మానాల్సిన పవిత్ర వారపు రోజును కూడా మీరవచ్చన్న సూత్రం వాళ్లకు అంత బలమైనది.

తాల్ముద్ అదే పుటలో మరో మాట కూడా ఉంది. మూర్ఛగానీ కుష్ఠుగానీ పదేపదే కనిపించిన ఇంటి పిల్లను చేసుకోవద్దని. ఇక్కడ మనసు చివుక్కుమంటుంది. బిడ్డను కాపాడాలన్న జాగ్రత్తే ఒక ఇంటికి మచ్చ వేయగలదు. వంశపారంపర్య వ్యాధుల విషయంలో ఏ సమాజానికైనా చిక్కుముడి ఇక్కడే పడుతుంది.

టే-సాక్స్ జబ్బుతో పుట్టిన బిడ్డ మొదటి కొన్ని నెలలు అందరు పిల్లల్లాగే నవ్వుతుంది, బోర్లా పడుతుంది. ఆ తర్వాత నేర్చుకున్నవి ఒక్కొక్కటిగా పోతాయి. చూపు పోతుంది, మింగడం కష్టమవుతుంది. మామూలుగా అయిదేళ్లలోపే ప్రాణం పోతుంది. లండన్‌లో వారెన్ టే 1881లో, న్యూయార్క్‌లో బెర్నార్డ్ సాక్స్ 1887లో ఈ జబ్బును వర్ణించారు. నయం చేసే మందు ఇప్పటికీ లేదు. తూర్పు ఐరోపా మూలాలున్న అష్కనాజీ యూదుల్లో దాదాపు 30 మందికి ఒకరు దీని క్యారియర్, అంటే ఆ జన్యు లోపాన్ని మోసేవాళ్లు. క్యారియర్‌కు ఏ బాధా ఉండదు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతేనే ప్రమాదం, అదీ ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు. జబ్బుకు మూలమైన ఎంజైము లోపం 1969లో తెలిసింది. 1971లో డాక్టర్ మైకేల్ కబాక్ బాల్టిమోర్, వాషింగ్టన్ ప్రాంతాల యూదులకు రక్తపరీక్షలు మొదలుపెట్టాడు.

ఆ పరీక్షలు ఎక్కువగా పెళ్లయినవాళ్లకు. ఇద్దరూ క్యారియర్లని తేలితే కడుపులో బిడ్డను పరీక్షించి, జబ్బుంటే గర్భస్రావం చేయించుకోవడం వైద్యులు చూపిన దారి. సనాతన యూదులు ఇక్కడ ఆగిపోయారు. జెరూసలేం రబ్బీ ఎలియెజెర్ వాల్డెన్‌బర్గ్ 1975లో టే-సాక్స్ విషయంలో ఏడో నెల వరకూ గర్భస్రావానికి అనుమతించాడు. న్యూయార్క్‌లో ఆ కాలపు అతిపెద్ద ధర్మవేత్త మోషే ఫైన్‌స్టైన్ దాన్ని గట్టిగా ఖండించాడు. కానీ అదే ఫైన్‌స్టైన్ 1973లోనే ఒక మాట రాసి ఉన్నాడు: పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవడం మంచిది, అయితే గుట్టుగా జరగాలి. అందరూ దేవుడి మీద భారం వేసి ఊరుకోమని ఆయన అనలేదు. తెలుసుకోగలిగినదాన్ని తెలుసుకోమన్నాడు.

ఆ మాటను ఏర్పాటుగా మార్చినవాడు బ్రూక్లిన్ రబ్బీ జోసెఫ్ ఎక్‌స్టైన్. టే-సాక్స్ వల్ల నలుగురు పిల్లలను పోగొట్టుకున్న తండ్రి. 1983లో ఆయన ‘దోర్ యెషోరిమ్’ అనే సంస్థ పెట్టాడు. దాని పద్ధతి ఇది. మత పాఠశాలల్లో చదివే పెళ్లీడు పిల్లల రక్తం తీసుకుంటారు. ఫలితం ఎవరికీ చెప్పరు, ఆ పిల్లలకు కూడా. చేతికి ఒక నంబరు మాత్రం ఇస్తారు. సంబంధం మాటల్లోకి వచ్చినప్పుడు, ఇంకా మనసులు ముడిపడకముందే, రెండు నంబర్లూ ఫోన్‌లో చెబుతారు. ఇద్దరూ ఒకే జబ్బుకు క్యారియర్లైతే ఈ జోడీ కుదరదని జవాబు వస్తుంది. లేకపోతే కుదురుతుందని వస్తుంది. ఒకరు క్యారియరై ఇంకొకరు కాకపోతే కూడా కుదురుతుందనే చెబుతారు, ఎందుకంటే వాళ్ల బిడ్డకు జబ్బు రాదు.

దీనివల్ల ఏ పిల్లకూ క్యారియర్ అన్న పేరు రాదు. ఆమె చెల్లెళ్ల సంబంధాలు చెడవు. గర్భస్రావం ప్రశ్నే పుట్టదు. పెద్దలు కుదిర్చే పెళ్లిళ్ల ఆచారం అలాగే ఉంటుంది. మనిషికి తన ఫలితం తనకే చెప్పకపోవడం అన్యాయమన్న విమర్శ ఉంది, అందులో న్యాయం ఉంది. జబ్బుల జాబితా పెరిగేకొద్దీ ఎక్కడ ఆపాలన్న వాదనా ఉంది. అయినా ఫలితం కళ్ల ముందుంది. అన్ని రకాల పరీక్షలూ కలిసి, అమెరికా, కెనడా యూదుల్లో టే-సాక్స్ జననాలు 90 శాతానికి పైగా తగ్గాయి.

ఇదంతా షాద్‌నగర్‌కు ఎందుకంటే, అష్కనాజీ యూదుల్లో జరిగిందే ఇక్కడి సమూహాల్లోనూ జరిగింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలుగా లోపలి సంబంధాలే చేసుకున్న కులంలో, ఆ కొద్దిమందిలో ఒకరికున్న లోపం వేలమందికి పాకుతుంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా జన్యు శాస్త్రవేత్త డేవిడ్ రైక్ 2009లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి బయటపెట్టారు. 2017లో సీసీఎంబీ భాగస్వామ్యంతో వచ్చిన అధ్యయనం 2,800 మందికి పైగా నమూనాలను చూసింది. దక్షిణాసియాలో 81 సమూహాల్లో ఈ ప్రభావం అష్కనాజీల కంటే ఎక్కువగా ఉందని తేల్చింది. వాటిలో 14 సమూహాల జనాభా ఒక్కొక్కటి పది లక్షలు దాటింది.

వాటిలో బాగా పరిశోధన జరిగింది వైశ్యుల మీద. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును శరీరంలో విరగ్గొట్టే ఎంజైము కొందరిలో ఉండదు. మామూలు మనిషికి కొన్ని నిమిషాల్లో దిగిపోయే మందు వాళ్లకు గంటల తరబడి దిగదు. అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ కావాలి. ఈ లోపం వైశ్యుల్లో ఇతరుల కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. దానికి కారణమైన జన్యు మార్పును కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించారు. ఈ లోపం పెళ్లికి అడ్డు కాదు, మామూలు బతుకులో తెలియను కూడా తెలియదు. ఆపరేషన్ బల్ల మీద మాత్రం తెలిసి ఉండాలి.

పరిశోధన జరిగిన కులం కాబట్టి పేరు బయటికొచ్చింది, అంతే. మిగతా కులాలకు ఏమీ లేదని కాదు. గోత్రం వేరైతే రక్తం వేరన్న నమ్మకమూ ఇక్కడ చాలదు. గోత్రం తండ్రి వైపు వరుసనే చూస్తుంది. మేనబావ, మరదలు వేరే గోత్రాల వాళ్లే అయినా వాళ్ల జన్యువుల్లో ఎనిమిదింట ఒక వంతు ఉమ్మడివి. మేనమామ, మేనకోడళ్లకు నాలుగింట ఒక వంతు. వైశ్యుల్లో, అంటే కోమట్లలో, మేనరికం ఎంత గట్టి ఆచారమో 1909లోనే దక్షిణాది కులాల మీది పుస్తకంలో థర్‌స్టన్ రాశాడు. ఆ కట్టు ఇప్పుడు చాలా ఇళ్లలో సడలింది. అయినా కులం లోపలి పెళ్లి సడలలేదు గనుక, చుట్టరికం లేని జంటలో కూడా ఇద్దరూ క్యారియర్లు కావచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం, అదీ యూదుల నుంచే వస్తుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రపు ఇజ్రాయేలీయులమని నమ్ముతూ, ప్రార్థనా మందిరం పెట్టుకుని సబ్బాతు పాటిస్తున్నాయి. బెనె ఎఫ్రాయిము అని పిలిచే ఈ తెలుగు యూదుల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో పుస్తకం ప్రచురించారు. ఇలాంటివాళ్ల గురించి వినగానే డీఎన్‌ఏ పరీక్ష చేస్తే తేలిపోతుంది కదా అనిపిస్తుంది. యూదు ధర్మశాస్త్రం ఆ పరీక్ష అడగదు. యూదు తల్లికి పుట్టినవాళ్లు, విధిప్రకారం మతంలోకి వచ్చినవాళ్లు యూదులు. మణిపూర్, మిజోరాంలలోని బ్నే మెనాషే అనే సమూహాన్ని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ష్లొమో అమార్ ఇజ్రాయేలు సంతతిగా గుర్తించాక కూడా వాళ్లు శాస్త్రోక్తంగా మతం తీసుకోవాల్సి వచ్చింది. బయటి నుంచి వచ్చి చేరిన ఒబద్యా అనే మనిషికి, అబ్రాహామును తండ్రిగా చెప్పుకుని ప్రార్థించే హక్కు పూర్తిగా ఉందని మైమోనిడీస్ లేఖ రాశాడు. రక్తపరీక్ష బిడ్డ ప్రాణం కోసమే. మనిషి పుట్టుక తేల్చడానికి దాన్ని వాడకూడదు. కులం ఇంత పాతుకుపోయిన నేల మీద ఈ గీత ఇంకా గట్టిగా గీసుకోవాలి.

మరి పాలమూరులో ఈ పని ఎవరు ఎత్తుకోవాలి? దోర్ యెషోరిమ్‌లోని అసలు బలం ల్యాబ్ కాదు, మచ్చ పడకుండా వద్దనగలిగే వీలు. ఆ వీలు తెలుగు ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. జాతకాలు కలవలేదంటే ఎవరూ నొచ్చుకోరు, ఎందుకని తిరిగి అడగరు, పిల్లకు పేరు రాదు. ఆ మర్యాదనే రక్తపరీక్షకూ ఇస్తే ఏ ఆచారమూ చెడదు. అయ్యగారి మాట మీద అంత నమ్మకం ఉన్న ఊళ్లో, నాడీ దోషంతో పాటు రక్తపరీక్ష అయిందా అని ఆయనే అడిగితే ఏ వైద్య శిబిరం చేయలేని పని జరుగుతుంది. సైప్రస్‌లో ఆర్థడాక్స్ చర్చి పెళ్లికి ముందు వంశపారంపర్య రక్తవ్యాధి తలసేమియా పరీక్ష పత్రం అడుగుతుంది. భారత ప్రభుత్వం 2023 జులైలో మొదలుపెట్టిన, అలాంటిదే మరో రక్తవ్యాధి సికిల్ సెల్ నిర్మూలన పథకంలోనూ పెళ్లికి ముందు సరిచూసుకోవడానికి కార్డులున్నాయి.

కుల సంఘాలకు కల్యాణ మండపాలు కట్టే శక్తి ఉంది. వధూవరుల పరిచయ వేదికలు నడిపే ఓపిక ఉంది. ఆ వేదికల్లోనే గుట్టు చెడకుండా, నంబర్ల పద్ధతిలో పరీక్షలు పెట్టించాలి. అది జరిగేదాకా ప్రతి ఇల్లూ చేయగలిగిన పనులు రెండున్నాయి. వైశ్య కుటుంబాల్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, కులం పేరు చెప్పడానికి మొహమాటపడకుండా మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పాలి. ఏ కులంలోనైనా లగ్గం మాట్లాడేటప్పుడు, తలసేమియా క్యారియర్లను పట్టిచ్చే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష అబ్బాయికీ అమ్మాయికీ చేయించాలి. హైదరాబాద్‌లో 1998 నుంచి తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఈ జబ్బుల పిల్లల కోసం పనిచేస్తోంది. సందేహాలున్నవాళ్లు పెళ్లి ముహూర్తం పెట్టుకోకముందే అక్కడికి వెళ్లి అడగాలి.