తాడుకు అటు చివర

కుక్కను మన దేశం నుంచి యూరప్‌కు తీసుకెళ్లాలంటే చాలా ముందుగా మొదలుపెట్టాలి. మొదట చర్మం కింద మైక్రోచిప్ వేయించాలి. దానికి 15 అంకెల నంబరు ఉంటుంది. తరవాత రేబీస్ టీకా. టీకా వేశాక కనీసం 30 రోజులు ఆగి, రక్తం తీయించి, యూరోపియన్ యూనియన్ గుర్తించిన ల్యాబుకు పంపాలి. యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గకూడదు. తగ్గలేదని రిపోర్టు వచ్చినా వెంటనే బయల్దేరనివ్వరు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాల్సిందే. రేబీస్ క్రిమి ఒంట్లో చేరాక వారాలు, నెలలు బయటపడకుండా ఉండగలదు. ఆ గడువు దాటితే గానీ ఆ కుక్కను నమ్మరు. ఈ కాగితాల మీద యజమాని సంతకం, పశువుల డాక్టరు సంతకం, అధికారి ముద్ర ఉంటాయి. ప్రయాణం చేయబోయేది కుక్క. దాని ఇష్టం రాసే గడి వాటిలో ఎక్కడా లేదు. ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. నేను మాత్రం ఆ లేని గడి గురించి చాలాకాలంగా ఆలోచిస్తున్నాను.

మల్లి గుంటూరు అరండల్‌పేటలో ఒక టిఫిన్ సెంటరు వెనక పుట్టిన వీధికుక్క. ఉద్యోగం మ్యూనిక్‌లో వచ్చినప్పుడు దాన్ని వదిలి వెళ్లడం నా వల్ల కాలేదు. అమ్మ ఒకటే మాట అంది: “నోరులేని జీవం నాన్నా. రానని చెప్పుకోలేదు కదా.” అప్పుడు ఆ మాటను తల్లి బెంగ అనుకున్నాను. వీపున సంచి, చేతిలో మల్లి తాడు పట్టుకుని ఆల్ప్స్ కొండల్లో తిరగడం మొదలుపెట్టాక అది బెంగ కాదని, నేను తప్పించుకోలేని ప్రశ్న అని అర్థమైంది.

చిన్న చిన్న అవాంతరాలు చాలానే ఎదురయ్యాయి. ఆస్ట్రియాలో రైల్లోనూ బస్సులోనూ కుక్కకు తాడు ఉండాలి, మూతికి తొడుగు ఉండాలి. మన ఊళ్లలో నూర్పిళ్లప్పుడు ఎద్దుల మూతికి కట్టే చిక్కం లాంటిదే అది. ఒక సాయంత్రం వానలో దాని పట్టీ తెగిపోయింది. ఆఖరి బస్సు డ్రైవరు తల అడ్డంగా ఊపి తలుపు మూసేశాడు. తడుస్తూ రోడ్డు పక్కన కిలోమీటర్ల కొద్దీ నడిచాం. స్విట్జర్లాండ్‌లో భుజం దగ్గర 30 సెంటీమీటర్ల ఎత్తు దాటిన కుక్కకు రైలు టికెట్ కొనాలి. అదే దేశంలో 1914లో ఏర్పడిన నేషనల్ పార్కులోకి తాడు కట్టినా సరే కుక్కను రానివ్వరు. ఈ నిషేధం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అడవి జంతువులకని మిగిల్చిన కాస్త చోటులో నా కుక్క వాసన కూడా పడకూడదనడం న్యాయమే. ఇవన్నీ మనుషులు రాసుకున్న నియమాలు. వాటివల్ల కష్టం కలిగితే అది నా కష్టం. నాకు నిద్ర పట్టనివ్వనివి వేరే ఉన్నాయి.

ఆస్ట్రియాలోని టిరోల్‌లో ఒక కనుమ దాటి దిగుతున్నాం. దారంతా పలకలు పలకలుగా విరిగిన రాళ్లు, అంచులు కత్తుల్లా ఉన్నాయి. మల్లి నాకంటే నాలుగడుగులు ముందు మామూలుగానే నడుస్తోంది. తోక కూడా పైకే ఉంది. కాసేపటికి ఒక తెల్లటి రాయి మీద ఎర్రగా ఏదో కనిపించింది. పువ్వేమో అనుకున్నాను. తరవాతి రాయి మీదా ఉంది, ఆ తరవాతి దాని మీదా ఉంది. కూర్చోబెట్టి కాలు ఎత్తి చూస్తే ముందరి కుడికాలి అడుగున మెత్తటి చర్మం అడ్డంగా చీలి, ఒక ముక్క వేలాడుతోంది. ఎప్పుడు చీలిందో తెలియదు. మూలగలేదు, కుంటలేదు, ఆగలేదు. నీళ్లతో కడిగి, గుడ్డ చుట్టి, పైన నా ఊలు మేజోడు తొడిగి టేపు వేస్తుంటే నా చెయ్యి నాకింది. నొప్పిని పైకి కనబడనివ్వకపోవడం కుక్కలకు పుట్టుకతో వచ్చిన గుణం. మంద వెనక పడితే బతుకు లేదని ఏ కాలంలోనో నేర్చుకున్న పాఠం దాని రక్తంలో ఉండిపోయి ఉంటుంది. మెడ చుట్టూ వేసుకుని మోశాను. పద్దెనిమిది కిలోల బరువు. దాని గుండె నా చెవి పక్కనే కొట్టుకుంటోంది.

చీకటి పడే వేళకు, కొండ మీద నడిచేవాళ్లు రాత్రి బస చేసే హట్ చేరాం. ఆల్పైన్ క్లబ్బుల హట్లలో పడుకునే గదుల్లోకి జంతువుల్ని తీసుకురాకూడదన్నది పాత నియమం. చాలాచోట్ల ఒకే పొడవాటి మంచం మీద ముక్కూ ముఖం తెలియనివాళ్లు పక్కపక్కన పడుకుంటారు. ఒకరికి కుక్క బొచ్చు పడదు, ఇంకొకరికి కుక్కంటే భయం. హట్ చూసుకునే ఆవిడ ఆ మాటే మర్యాదగా చెప్పింది. తడిసిన బూట్లు ఆరబెట్టే గదిలో ఒక మూల చూపించింది. నేనూ అక్కడే బల్ల మీద పడుకున్నాను.

ఇలాంటి గడప ముందు నిలబడ్డ తెలుగువాడికి ధర్మరాజు గుర్తురాక తప్పదు. తిక్కన తెలుగు చేసిన పర్వాల్లో మహాప్రస్థానిక పర్వం చాలా చిన్నది. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోతారు. ధర్మరాజు వెనుదిరిగి చూడడు. చివరికి ఇంద్రుడు రథం తెచ్చి కుక్కను విడిచి ఎక్కమంటే మాత్రం ఒప్పుకోడు. తమ్ముళ్లను విడిచినవాడివి కుక్కను విడవలేవా అంటే ఆయన చెప్పే జవాబు నాకు ఎంతో ఇష్టం. వాళ్లు చనిపోయారు, బతికించడం నా చేతిలో లేదు కాబట్టి విడిచాను, బతికుండగా విడవలేదు అంటాడు. ఆ రాత్రి మల్లి పక్కన పడుకుని, నేనూ దాన్ని విడవలేదు కదా అని కాస్త ఊరట తెచ్చుకోబోయాను.

ఆ ఊరట నిలవలేదు. ఆ కథలో మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. ఆ కుక్కను ఎవరూ తీసుకురాలేదు. పాండవులు హస్తినాపురం వదిలి నడక మొదలుపెడితే అదే వాళ్ల వెంట పడింది. ఏ మలుపులోనైనా వెనక్కి తిరిగి పోవచ్చు. పోలేదు. అందుకే ధర్మరాజుకు ఎదురైన ప్రశ్న, తనంతట తాను నమ్మి వచ్చినదాన్ని విడవచ్చా అన్నది. ఆ ప్రశ్నకు జవాబు కష్టమే కానీ ప్రశ్న మాత్రం తేటగా ఉంది. మల్లి విషయంలో ప్రశ్న అంతకంటే ముందే మొదలవుతుంది. అది నా వెంట రాలేదు, నేను తెచ్చాను. పెట్టెలో పెట్టి విమానం ఎక్కించాను, తాడు కట్టి కొండ ఎక్కించాను. అలా తెచ్చిన మీదట విడవకపోవడం గొప్ప కాదు, కనీస బాధ్యత. ధర్మరాజుకు వచ్చిన కీర్తిలో నాకు వాటా లేదు.

అది ఓర్చుకుంది కదా, తోక ఊపుతూనే నడిచింది కదా అంటారు కొందరు మిత్రులు. ఈ మాట దగ్గరే నాకు లైకా కళ్లముందు మెదులుతుంది. 1957 నవంబరు 3న సోవియట్ శాస్త్రవేత్తలు స్పుత్నిక్-2లో అంతరిక్షంలోకి పంపిన ఆ కుక్క కూడా వీధికుక్కే. మాస్కో వీధుల్లో దొరికింది. చలికీ ఆకలికీ రాటుదేలి ఉంటాయని వీధికుక్కలనే ఏరుకున్నారు. తిరిగి దించే ఏర్పాటు మొదటినుంచీ లేదు. వేడికి తాళలేక కొన్ని గంటల్లోనే చనిపోయిందన్న నిజం 2002లో గానీ బయటికి రాలేదు. ఆ ప్రయోగంలో పనిచేసిన ఒలెగ్ గజెంకో 1998లో, ఒక కుక్క చావుకు సరిపడేంత జ్ఞానం దాని వల్ల రాలేదని బాధపడ్డాడు. నా కొండ నడకను ఆ ప్రయాణంతో సమానం చేయడం లేదు. అయితే లైకాకు పట్టిన గతికి కారణం దాని ఓర్పే. నోరులేనిదాని ఓర్పును ఒప్పుకోలు కింద జమ వేసుకునే అలవాటు మనిషికి ఉంది. నాకూ ఉంది. రక్తం కారుతున్న కాలితో మల్లి నడుస్తుంటే, చూస్తున్న నాకు అది హాయిగా నడుస్తున్నట్టే కనిపించింది. దానికి ఇష్టమనే అనుకున్నాను.

ఆవుల సంగతి కూడా చెప్పాలి. మల్లీ నేనూ ఒకే ఊళ్లో పెరిగాం. ఆవు గురించి మాకు తెలిసిందీ ఒకటే. గుంటూరులో చెత్తకుండీ దగ్గర ఒక పక్క ఆవు, ఇంకో పక్క కుక్క ఎవరి పని వాళ్లు చూసుకుంటాయి. రోడ్డు మధ్యలో పడుకున్న ఆవును చుట్టి కుక్కలూ స్కూటర్లూ పోతూనే ఉంటాయి. ఆల్ప్స్ మీది ఆవు వేరు. వేసవి వస్తే రైతులు పశువుల్ని దూడలతో సహా కొండ బీళ్లకు తోలి వదిలేస్తారు. అక్కడ దూడ ఉన్న ఆవుకు కుక్క అంటే తోడేలే. 2014 జులైలో టిరోల్‌లోని పిన్నిస్ లోయలో కుక్కతో నడుస్తున్న ఒక జర్మన్ మహిళను ఆవులు కుమ్మి చంపేశాయి. కుక్క తాడును ఆమె తన నడుముకు తగిలించుకుంది. కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2019లో కింది కోర్టు తప్పంతా రైతుదే అంది. పై కోర్టు దాన్ని చెరిసగం చేసింది. 2020లో ఆస్ట్రియా సుప్రీంకోర్టు ఆ చెరిసగాన్నే ఖాయం చేసింది. ఆ కేసు నడుస్తుండగానే ప్రభుత్వం బీళ్లలో ఎలా నడుచుకోవాలో పది నియమాలు ప్రకటించింది. కుక్కను తాడుతో పట్టుకుని నడవాలి, ఆవు మీదికి వస్తే మాత్రం వెంటనే తాడు వదిలెయ్యాలి అని వాటిలో ఉంది.

నాకు ఆ నియమం తెలుసు. బీడు గేటు దగ్గర బోర్డు మీద బొమ్మతో సహా చూశాను. చూసి అర్థం చేసుకోవడం వేరు, చెయ్యి తెరవడం వేరు. ఒకరోజు బీడు దాటుతుంటే గడ్డిలో పడుకున్న ఆవులు ఒక్కొక్కటే లేచాయి. మల్లి తోక ఊపుతూ, పాత స్నేహితుల్ని చూసినట్టు వాటి వైపే లాగింది. ముందున్న ఆవు తల దించింది, మెడలో గంట గట్టిగా మోగింది. ఆ క్షణంలో నా పిడికిలి ఇంకా బిగుసుకుంది. ప్రేమ ఉన్న చెయ్యి చేసే పని అదే. ఆ బిగింపే ఇద్దర్నీ చంపగలదు. తాడు వదిలాను. మల్లి బాణంలా పైకి పోయింది, ఆవులు దాని వెంట పడ్డాయి, నేను కంచె దాటాను. కొండ వాలు మీద కుక్క చిన్న చుక్కై కనబడకుండా పోయింది. దాని పేరు పిలవడానికి కూడా నాకు గొంతు రాలేదు. చాలాసేపటికి కంచె అవతలి పొదల్లోంచి తాడు ఈడ్చుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర కూలబడింది.

తిరిగి వచ్చింది కాబట్టి ఇష్టపడే వచ్చింది అనుకుంటే నా ప్రశ్న తీరిపోతుంది. అలా అనుకోవాలని నాకు ఎంతగానో ఉంది. కానీ ఆ కొండల్లో దానికి తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే, తెలిసిన వాసన నాదొక్కటే. పోవడానికి ఇంకో చోటు లేనివాళ్లు తిరిగి రావడాన్ని ఎంపిక అనలేం. పరాయి దేశంలో బతికే మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అడగడానికి భాష లేనప్పుడు చూడటం ఒక్కటే మార్గం. ఇప్పుడు సంచి సర్దేటప్పుడు తాడు గోడకే ఉంచి తలుపు తెరుస్తాను. మల్లి గడప దాటి మెట్ల దగ్గర నిలబడితే బయల్దేరతాం. చాప మీదే ఉండిపోతే ఆ రోజు నడక లేదు. దారిలో చెవులు వెనక్కి వాల్చినా, నీడ కనబడగానే కూర్చుండిపోయినా అక్కడితో ఆపేసి వెనక్కి తిరుగుతాం. ప్రతి గంటకూ నాలుగు కాళ్లూ ఎత్తి చూస్తాను. ఎక్కలేకపోయిన శిఖరాలు చాలా ఉన్నాయి. వాటి కోసం బెంగ పడటం లేదు. ఇదంతా చేసినా, కాగితాల్లో లేని ఆ గడిని నింపానని అనను. నా వంతు చూపు నేను చూస్తున్నాను, అంతే.

విదేశాలకు కుక్కతో వెళ్లబోయే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. యూరప్‌కైతే చిప్పు, టీకా, రక్తపరీక్ష పని కనీసం ఐదారు నెలల ముందే మొదలుపెట్టండి. నడకకు తీసుకెళ్తే ఆ రాత్రి బసకు ముందుగా ఫోన్ చేసి కుక్కను రానిస్తారో లేదో కనుక్కోండి. సంచిలో మన మందులకంటే ముందు దాని కాళ్లకు తొడుగులు, కట్టు గుడ్డ, నీళ్లు పెట్టండి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి దిక్కు. ఎండ ముదరకముందే నీడకు చేర్చండి. వేసవిలో ఆల్ప్స్ బీళ్లకు వెళ్తే దూడలున్న మందకు దూరంగా చుట్టు తిరిగి పొండి. తాడు నడుముకు కట్టుకోవద్దు, చేత్తోనే పట్టుకోండి. ఆవు మీదికి వస్తే చెయ్యి తెరవండి. పరుగులో ఆవును మించగలిగేది కుక్కే, మనం కాదు.