చొరబాటుదారు ఎవరు? : అల్వాల్ పెరట్లో పాము

సికింద్రాబాదుకు ఉత్తరాన ఉన్న అల్వాల్ 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. చెరువు పరిసరాల్లో కాలనీలు పెరిగాయి. వానాకాలంలో అక్కడి ప్రహరీ లోపల నాగుపామో జెర్రిపోతో కనబడితే ‘పాము చొరబడింది’ అంటారు. ఈ క్రియాపదంలోనే ఒక తీర్పు ఇమిడి ఉంది.

ఆ తీర్పుకు చట్టంలో ఆధారం లేదు. నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవారిని బెదిరించాలనో, అవమానించాలనో, వేధించాలనో ఉద్దేశించి ప్రవేశించడమే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ (పూర్వపు శిక్షాస్మృతిలో 441) చెప్పే నేరపూరిత అక్రమ ప్రవేశం. కప్ప కోసమో ఎలుక కోసమో వచ్చిన పాముకు అటువంటి ఉద్దేశాన్ని ఆపాదించడం అసాధ్యం. పశువుల సంగతి వేరు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం చేను మేసిన గొడ్డును బందెలదొడ్డికి తోలించింది. రుసుము కట్టి విడిపించుకోవలసినవాడు యజమాని. అక్కడ కూడా దోషం గొడ్డుది కాదు. వన్యప్రాణికి అటువంటి యజమానే లేడు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 39వ సెక్షన్ వేటకు గురైనదాన్ని, చెరలో పెంచినదాన్ని, చనిపోయి దొరికినదాన్ని ప్రభుత్వ ఆస్తి అంటుంది. స్వేచ్ఛగా తిరిగేదాన్ని గురించి ఆ మాట అనదు. చెరపడితేనో చస్తేనో గాని పాము ఎవరి సొత్తూ కాదన్నమాట!

ఆ చట్టంలో ‘వేట’ అంటే చంపడమే కాదు, పట్టడం, తరమడం కూడా. అయితే తన ప్రాణాన్నో ఇతరుల ప్రాణాన్నో కాపాడడానికి సద్భావంతో చంపినవారిని 11వ సెక్షన్ నేరస్థులుగా చూడదు. ఆస్తికి ముప్పు అన్నప్పుడు మాత్రం, అదీ కొన్ని జాతుల విషయంలోనే, అధికారి అనుమతి కావాలి. ప్రాణభయానికి ఇచ్చిన మన్నింపు ప్రహరీగోడకు దక్కలేదు. నైతికంగా కీలకమైన భేదం ఇదే. భయం కల్పితమేమీ కాదు: 2000–2019 మధ్య దేశంలో పాముకాటుకు ఏటా సగటున సుమారు 58 వేలమంది మరణించారని అంచనా. కాని విషంలేని జెర్రిపోతును గుర్తించి కూడా కర్రతో కొట్టిచంపినప్పుడు పనిచేసింది ప్రాణభయం కాదు, స్వామ్యభావం.

హైదరాబాద్‌లో 1995 నుంచి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థల కార్యకర్తలు పామును పట్టి అడవిలో విడుస్తారు. చంపడంకంటె ఇది ఎంతో మేలు. అయినా సంచారపరిధి దాటించి విడిచిన పాములు తావు కుదరక అతిగా తిరుగుతాయని, వాటిలో మరణాలు పెరుగుతాయని వివిధ దేశాల పరిశోధనల్లో తేలింది. అతిక్రమణ చేయని ప్రాణికి ఇది బహిష్కారమే. చెరువుగట్టు సమీపంలో పట్టిన జెర్రిపోతును ఆ గట్టునే విడవడానికి పక్క కాలనీ సమ్మతిస్తుందా అన్నది ఏ సెక్షనూ తేల్చని విషయం.