చివరి గుండీ

మేధోవైకల్యం ఉన్న పిల్లవాడికి చొక్కా తొడుక్కోవడం ఎక్కణ్ణుంచి నేర్పాలి? చివరి నుంచి. గుండీలన్నీ మనమే పెట్టి, ఆఖరిది సగం దూర్చి, మిగతా సగం వాడిచేత లాగించాలి. పని పూర్తిచేసిన సంబరం వాడిదే అవుతుంది. అది వచ్చాక పై గుండీ. ఇలాంటి శిక్షణ ఇంట్లోనే సాగాలని 1969లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పోర్టేజ్ పద్ధతి మొదలైంది. వారానికోసారి శిక్షకురాలు ఇంటికొచ్చి, తల్లిదండ్రులకు చేసి చూపించి, చిన్న లక్ష్యాలు రాసిచ్చి వెళ్తుంది. 1984లో సికింద్రాబాద్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం వెలసిన జాతీయ సంస్థ కూడా తల్లిదండ్రుల శిక్షణను తన పనుల్లో చేర్చుకుంది.

అసలే నలిగిపోతున్న తల్లి నెత్తిన పంతులమ్మ ఉద్యోగం కూడానా అని అడగొచ్చు. అడగాల్సిందే. అయితే పరిశోధనల్లో పదేపదే తేలిన సంగతి ఒకటుంది: తల్లిదండ్రులను ఎక్కువగా కుంగదీసేది బిడ్డకు చదువు రాకపోవడం కాదు, తనను తాను కొట్టుకోవడం, వస్తువులు విసరడం వంటి ప్రవర్తన. చాలాసార్లు అది చెప్పుకోలేని అవసరానికి వచ్చిన భాషే. నీళ్లు కావాలని చేత్తో చూపించడం నేర్పితే గ్లాసు విసరడం తగ్గుతుంది, అమ్మకీ ఊపిరాడుతుంది. కాకపోతే ఆ సైగ నాన్నకూ, నానమ్మకూ తెలిసుండాలి. అమ్మ పడుకున్న వేళ గ్లాసు అందించేది వాళ్లే కదా.