చప్పుడును అణచు భారము



హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక 12వ అధ్యాయము మొదటి వచనమును మనలో అనేకులు ఎరుగుదురు. పందెమున పరుగెత్తువాడు విడువవలసినవి రెండు అక్కడ చెప్పబడియున్నవి. ఒకటి పాపము, మరియొకటి భారము. పాపమునుగూర్చి ప్రసంగములు తరచుగా వినుచున్నాము. భారము వేరు. అది ధర ఇచ్చి కొన్నదే, న్యాయముగా మనదే. అయినను పరుగునకు అడ్డము.

దీనికి మన బలిఘట్టము దాపుననే ఒక పోలిక కలదు. వరాహనది ఒడ్డునుండి నర్సీపట్నము దాటి, లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు ఘాటురోడ్డు ఎక్కవలెనన్న పాత అంబాసిడరు కారు ఆయాసపడును. ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. ఉన్నవాటిని కాపాడుకొనువారిలో కొందరు బరువు తగ్గింపగోరి, లోపలి మ్యాట్లు ఎత్తి, అడుగు రేకున అంటియున్న తారు పలకలను, జనుపనార ఫెల్టును పెరికివేయుదురు. అవి చప్పుడు అణచుటకు వేసినవి. మోగుచున్న డప్పు తోలుపై అరచేయి వేసినట్లు, ఆ బరువే రేకు అదురును ఆపును.

పని సులభము కాదు. తారు ఎండవేళ జిగురై సాగును. చలిలో పెళుసై ఉలిదెబ్బకు పెళ్లలుగా లేచును గనుక తెల్లవారుజామున పూనుకొనువాడు బుద్ధిమంతుడు. (మంటతో కాచి తీయువారు పెట్రోలు గొట్టము ఎటు పోవుచున్నదో ముందుగా చూచుకొనవలెను.) ఇంత శ్రమపడి తీసినదంతయు తూచినను ఒక పెద్దమనిషి బరువునకు రాదు. బండియో వెయ్యి కిలోలు దాటినది! డిక్కీలో ఏండ్ల తరబడి పడియున్న ఇనుప సామాను దింపియుండిన సగము పని తీరియుండును. పెండ్లి ఆడంబరమునకు చేసిన అప్పును తలపైననే ఉంచుకొని, కానుక సంచిలో వేయు రూపాయిని తగ్గించువారి లెక్కయు ఇట్టిదే.

అయితే పలక లేచినచోట వేరొక సంగతి బయటపడును. వానకాలమున తలుపు సందులగుండ దిగిన నీరు ఫెల్టులో నిలిచి, క్రింది రేకును తుప్పు తినుచుండును. పైన కూర్చున్నవానికి అంతయు మెత్తగానే తోచును. దానిని గీకి, రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన తరువాతనే మరల మ్యాటు పరచవలెను. ఆమోసు గ్రంథము 6వ అధ్యాయములో దంతపు మంచములపై ఒరిగి సంగీతములో మునిగినవారికి యోసేపు సంతతి పడుచున్న నాశనము చెవిని పడలేదు. వారు దొంగలని ప్రవక్త అక్కడ అనలేదు. మెత్తని పరుపులు వారి చెవులను మూసినవి. మన పేటలో జ్వరముతో పడియున్న కూలివాని గుడిసె ప్రార్థనాలయమునకు దూరమున లేదు. అతని మూలుగు మనకు వినబడుచున్నదా?

ఇది చదివి ఎవరును సమస్తమును పెరికివేయవద్దు. ఇంజనునకు మనుష్యులకు నడుమనున్న ఫెల్టు వేడిని కూడ ఆపును. రోగిని విశాఖపట్నము ఆసుపత్రికి కొనిపోవునపుడు ఆ వేడిమియు మోతయు వెనుక సీటులోనివాడు భరింపవలెను. బండి తేలికైనదన్న సంతోషము తోలువానిది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో తుపానున చిక్కినవారు మొదట సరకులను, మూడవ దినమున ఓడ సామగ్రిని, కడపట గోధుమలను సముద్రము పాలు చేసిరి. గోధుమలను పోయకమునుపు మాత్రము, పౌలు బతిమాలగా అందరును కడుపునిండ తినిరి. వారు 276 మంది. ఓడ బ్రద్దలాయెను, వారిలో ఒక్కడును మునిగిపోలేదు.